పిడికి పూత

సునంద కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. నడుమ మూడు వేళ్లు మొదలంటా పోయాయి. పోయినచోట తొడమీది తోలు తీసి అతికించారు. ఆ తోలు పసిపిల్ల అరికాలంత లేతగా ఉంటుంది గానీ దానికి ఏమీ తెలియదు. చలి తెలియదు, వేడి తెలియదు, ముల్లు దిగినా తెలియదు.

దవాఖాన నుంచి ఇంటికొచ్చాక ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఇస్నాపూర్‌లో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో మామ పెద్దరాములు, అత్త ఆగమ్మ. వెనక గదిలో సునంద, ఆమె మొగుడు బాలరాజ్. పొయ్యి మళ్లీ ఆగమ్మ చేతికిందికి పోయింది. సునంద గడపలో కూచుని సందులో పోయేవాళ్లను చూస్తూ ఉండేది. ఒకటి రెండుసార్లు లేచి కూర కలపబోయింది గానీ, స్టీలు గంటె కాడ సన్నం; ఆ రెండువేళ్ల నడుమ గిర్రున తిరిగిపోయి చేతిలోంచి జారింది. ఆగమ్మ ఏమీ అనకుండా గంటె అందుకునేది. ఏమీ అనకపోవడమే సునందకు ఎక్కువ నొప్పి.

అట్లాంటిది ఒక పొద్దున, పెద్దరాములు పనికి పోతుంటే వెనకనుంచి పిలిచింది.

"మామా, గంటెకు లావు కట్టెపిడి ఏసిస్తవా? నా చేతికి ఆగేటట్టు."

ఇంటికొచ్చినంక ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పెద్దరాములు చెప్పు తొడుక్కుంటున్నవాడు ఆగిపోయాడు. "ఏస్త బిడ్డా. ఎందుకెయ్య?" అన్నాడు.

అతనికి కట్టెపని కొత్తగాదు. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో కూలికి పోతూనే పారలకు, గొడ్డళ్లకు కామలు చెక్కిచ్చేవాడు. ఊరి పొలాలన్నీ కంపెనీలైనంక పటాన్‌చెరులో పెట్టెల షెడ్డులో చేరాడు. మోటార్లు, మిషిన్లు లారీ ఎక్కేముందు వాటికి చెక్కపెట్టెలు కొట్టే పని. మేకులు కొట్టడమే తప్ప చెక్కడం లేదు. చాలా ఏళ్లకు మళ్లీ బాడిశ పట్టే పని దొరికిందని ఆ పూటంతా అతనికి సంబురంగానే ఉంది.

చెయ్యి కొలత తీసుకోవడానికి గోధుమపిండి గట్టిగా కలిపించి, ముద్దచేసి సునంద చేతిలో పెట్టాడు. "గంటె అనుకోని గట్టిగ పట్టు" అన్నాడు. ఆమె పట్టింది. బొటనవేలు దిగినచోట ఒక గుంట, చిటికెనవేలు దిగినచోట ఇంకొకటి, నడుమ ఏమీ లేని సాపు. ఆ ముద్దను ఎండబెట్టి, దాన్ని చూసుకుంటూ తుమ్మకట్టెలో అదే ఆకారం చెక్కాడు. వంట గంటె తోకను కాల్చి పిడిలోకి దిగ్గొట్టి, అడ్డంగా చీల వేశాడు. తొందరలో ఆకురాయితో నాలుగు గీతలు గీసి, గరుకు కాగితం ఒకసారి తిప్పి ఇచ్చేశాడు. అతని అరచేతులకు అది నున్నగానే ఉంది. అవి మేకులతో, సుత్తితో మొద్దుబారిన చేతులని అతనికి తట్టలేదు.

సునంద రెండు రోజులు దానితో పప్పు కలిపింది, అన్నం కలియదిప్పింది. మూడోనాటికి అతుకు తోలు కింద ఎర్రగా వాచింది. ఆమెకు నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. జ్వరం వచ్చి, చెయ్యి మణికట్టు దాకా ఉబ్బినాక సంగారెడ్డి పెద్దదవాఖానకు పట్టుకుపోయారు. డాక్టరమ్మ కోసి చీము తీసింది. చీములో నూలుపోగంత తుమ్మపేడు.

"ఈమెకు ఆ జాగల స్పర్శ లేదని మీకు చెప్పిన్రు కదా" అంది డాక్టరమ్మ. "పచ్చి కట్టె ఎట్లిచ్చిన్రు? ఏదన్న పూసి ఇయ్యాలె."

పెద్దరాములు తల వంచుకున్నాడు. బాలరాజ్ పక్కనే గోడకానుకుని నిలబడి ఉన్నాడు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు పెద్దరాములు మనసులో ఒకటే మాట.

ఏం పూయాలె?

షెడ్డులో బిహారు నుంచి వచ్చిన సునీల్‌కుమార్ అనే అతను పెట్టెలకు రంగులు వేస్తాడు. పెద్దరాములు పిడి తీసుకెళ్లి అతనికి చూపించాడు. సునీల్‌కుమార్ దాన్ని అటూ ఇటూ తిప్పి, తన రెండువేళ్లతో పట్టుకుని చూసి, ఎవరికోసమో అర్థమై ఒకసారి కళ్లు దించుకున్నాడు. "వార్నిష్ మార్ దో చాచా. ఏక్‌దమ్ చిక్నా హో జాయేగా, నున్నగైతది. పేడు లేవది, నీళ్లు గుంజది" అని తన డబ్బాలో మిగిలింది ఒక సీసాలో పోసిచ్చాడు.

పెద్దరాములు ఈసారి తొందరపడలేదు. పిడిని మొదట మంచిగా గీకాడు. పలచగా ఒక పూత పూసి, ఆరినంక సన్నటి గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పూశాడు. దుమ్ము పడకుండా ఇంట్లో మేకుకు వేలాడదీశాడు. అది దుకాణంలో కొన్నదానిలాగా తళతళలాడింది. పెదవికి రాసుకుని చూశాడు. ఎక్కడా పోగు తగల్లేదు. అతనికి ధైర్యం వచ్చింది.

ఆ ఆదివారం సునంద పప్పుచారు పెట్టింది. బాలరాజ్ ఇంట్లోనే ఉన్నాడు. చింతపండు పిసికిన చేతిని కడుక్కుని, ఆ తడిచేత్తోనే గంటె అందుకుంది. గిన్నె అడుగునుంచి ఒక తిప్పు తిప్పిందో లేదో, పిడి సబ్బుబిళ్లలాగా వేళ్ల నడుమనుంచి జారింది. గంటె గిన్నె అంచుకు తగిలి గిన్నె ఒరిగింది. మరిగే చారు ఆమె ఎడమపాదం మీద పడింది.

బాలరాజ్ ఒక్క ఉరుకున వచ్చాడు. చెంబెడు నీళ్లు పోసి, కింద కూచుని ఆమె పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నీకెందుకే ఈ పని? అమ్మ చేస్తలేదా? ఎవలన్న అడిగిన్రా నిన్ను?" అన్నాడు. 

సునంద పాదం వెనక్కి గుంజుకుంది. కాలినచోట మంటకు గుంజుకున్నట్టు కాదు. దారిలో ఎవడో తాకితే గుంజుకున్నట్టు. ఆగమ్మ చూడలేదు గానీ పెద్దరాములు చూశాడు. ఆలుమగల నడుమ ఏదో ఉందని అప్పుడు మొదటిసారి అనిపించింది. అడిగే సంగతా అని ఊరుకున్నాడు.

వార్నిష్‌ను గాజుపెంకుతో మొత్తం గీకేశాడు. తళుకు పొట్టుపొట్టుగా రాలింది. ఇక మిగిలింది నూనె. వంటనూనెలు ఏవి రాసినా కొన్నాళ్లకు జిడ్డుపట్టి కంపు కొడతాయని అతనికి తెలుసు. ఆముదం ఆరనే ఆరదు. అవిసెనూనె ఒక్కటే కట్టెలోకి గుంజుకుని, ఆరి గట్టిపడుతుంది. వెనక బండ్లకు, నాగండ్లకు అదే రాసేవారు. పటాన్‌చెరులో పెయింట్ల దుకాణంలో ఒక సీసా తెచ్చి, గుడ్డతో రాసి, మిగిలింది తుడిచి, ఎండలో పెట్టి, మళ్లీ రాశాడు. కొన్నాళ్లకు తుమ్మకట్టె ఎర్రమన్నురంగు తిరిగింది. తడిచేత్తో పట్టినా జారలేదు. ఈసారి ఏ తిప్పలూ ఉండదనుకున్నాడు.

ఆగమ్మ రేషన్ బియ్యానికి పోయింది. బాలరాజ్ డ్యూటీలో ఉన్నాడు. పెద్దరాములు పిడి తెచ్చి సునంద చేతిలో పెట్టాడు. ఆమె పట్టుకుని, తిప్పి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

 గంటెను విసిరేసి, బయట మోరీ దగ్గరికి ఉరికి భళ్లున కక్కుకుంది. ఇంక కక్కడానికి ఏమీ లేకపోయినా చాలాసేపు వంగే ఉంది. పెద్దరాములు నీళ్లచెంబు పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

"ఏమాయె బిడ్డా? అవిసెనూనె అది. విషం గాదు."

ఆమె నోరు కడుక్కుని గోడకు చేరగిలబడింది. "కంపెనీల గిదే వాసన మామా" అంది. "రేకులకు నూనె పూసి ఇస్తరు, మిషిన్ల ఇరుక్కోకుండ. గది గిదేనో కాదో నాకు తెల్వది. వాసన మాత్రం గిదే. నా చెయ్యి లోపల ఉన్నప్పుడు నా ముక్కుల ఈ వాసనే ఉండె."

అట్లా మొదలైంది. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ అడగనిది, ఆమె చెప్పనిది ఆ మోరీ పక్కన కూచుని చెప్పింది.

"ఆ రేకులు ఒత్తే మిషిన్‌కు రెండు బటన్లు ఉంటయి. రెండు చేతులతోటి ఒక్కసారే నొక్కితేనే పైనున్న దిమ్మె దిగాలె. రెండు చేతులు బటన్ల మీద ఉంటే లోపల చెయ్యి ఉండదు గదా, అందుకని. గట్లయితే మాల్ జల్దీ ఎల్తలేదని సూపర్‌వైజర్ ఒక బటన్ల చెక్కముక్క గుచ్చిపెట్టించిండు, అది ఎప్పుడూ నొక్కుకునే ఉండేటట్టు. నేను చేరకముందు సందే ఉన్నదది. ఒక చేత్తోటి నొక్కుడు, ఇంకో చేత్తోటి రేకు తీసుడు. అందరం గట్లనే చేస్తుంటిమి. ఆ దినం దిమ్మె లేసింది. రేకు తీద్దామని చెయ్యి పెట్టిన. నేను బటన్ ముట్టనే లేదు మామా. మళ్ల దిగింది."

పెద్దరాములు కళ్లు మూసుకున్నాడు.

"తర్వాత ఆఫీసుల అడిగిన్రంట, ఆ చెక్కముక్క ఎవలు పెట్టిన్రని. సునందనే పెట్టుకున్నది, వద్దన్నా ఇనలేదు అని చెప్పిన్రు. ఇగ తప్పు నాదాయె. మిషిన్ మంచిగున్నదని కూడ చెప్పిన్రు."

"ఎవడా దొంగలంజకొడుకు? సూపర్‌వైజరేనా?"

సునంద అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది, అది మామ మీద.

"నీ కొడుకు" అంది.

బాలరాజ్‌ది అదే కంపెనీ. మిషిన్లకు అచ్చులు బిగించే ఫిట్టరు కింద పని. సునందను అక్కడ పెట్టించింది కూడా అతనే.

"నాతోని పనిచేసిన సుమిత్ర దవాఖానకొచ్చి చెప్పింది. మేనేజర్ ముంగట, సూపర్‌వైజర్ ముంగట చెప్పిండంట. ఆమె ఆడనే ఉన్నది."

"మరి ఇన్నొద్దులు చెప్పకపోతివి..."

"చెప్తే ఏంజేస్తుంటివి మామా?"

పెద్దరాములు నీళ్లచెంబు కింద పెట్టాడు. సందులో ఎవరిదో బండి పోయింది. ఆ చప్పుడు పూర్తిగా తగ్గాక సునందే మళ్లీ అంది.

"రుద్రారంల కాలేజీ పిల్లల హాస్టల్ ఉన్నది. వంటకు మనిషి కావాల్నంట, ఉండనీకి అర్ర గూడ ఇస్తరంట. సుమిత్ర అడిగొచ్చింది. చెయ్యి సంగతి చెప్తే, గంటె తిప్పొస్తే రమ్మన్నరు. పిడి అందుకనే అడిగిన. ఇంట్ల వండనీకి గాదు."

అప్పటిదాకా అతను ఆ పిడితో కోడలిని మళ్లీ ఇంట్లో నిలబెడుతున్నాననుకున్నాడు.

* * *

సాయంత్రం బాలరాజ్ వచ్చి నల్లా దగ్గర ముఖం కడుక్కుంటుంటే పెద్దరాములు పోయి పక్కన నిలబడ్డాడు. మాటను తిప్పి అడగడం అతనికి రాదు.

"చెక్కముక్క సునంద పెట్టుకున్నదని చెప్పినవారా?"

బాలరాజ్ చేతులు ముఖం మీదే ఆగిపోయాయి. నీళ్లు కారుతూనే ఉన్నాయి. "ఎవలు చెప్పిన్రు?"

"నేనడిగింది చెప్పు."

"చెప్పిన" అన్నాడు బాలరాజ్. నల్లా కట్టేశాడు. "మేనేజర్ అర్రల కూసోబెట్టి, నువ్వు చెప్పేదాన్ని బట్టే నీ నౌకరి ఉంటదన్నడు. ఆమె దవాఖానల పడుంది. ఇద్దరం ఇంట్ల కూసుంటే ఏం తింటం నాయినా? నీ పెట్టెల షెడ్డు నడిపిస్తదా ఇల్లు?"

"నీ పెండ్లాం చెయ్యిరా అది."

"చెయ్యి పోయింది!" బాలరాజ్ గొంతు పెద్దదైంది, మళ్లీ వెంటనే తగ్గించాడు. "నేను అవునన్నా పోయింది, కాదన్నా పోయింది. నౌకరి ఒక్కటే మిగిలింది. దాన్ని గూడ పోగొట్టుకోవాల్నా?"

లోపలినుంచి ఆగమ్మ వచ్చింది. అంతా వినే ఉంది. "ఇప్పుడు తవ్వితే ఏమొస్తది?" అంది మొగుడితో. "దానికి వేళ్లు మొలుస్తయా? ఉన్న పిల్లగాణ్ని గూడ రోడ్డు మీదికి తెస్తవా?"

"రేపు పోయి నిజం చెప్పు" అన్నాడు పెద్దరాములు కొడుకుతో.

"ఎవలకు చెప్పాలె?" అన్నాడు బాలరాజ్. అది ఎదురుమాట కాదు. నిజంగానే అతనికి తెలియదు. తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, తువ్వాలలో ముఖం అట్లాగే దాచుకుని కాసేపు నిలబడ్డాడు.

పెద్దరాములు అరుగు మీద కూచున్నాడు. ఆ నౌకరి తెచ్చిన అన్నమే తనూ తిన్నాడు. తనను ఆ గదిలో కూచోబెట్టి అడిగితే తనేం చెప్పేవాడు? కాదని చెప్పేవాణ్ని అని గట్టిగా అనుకుందామని చూశాడు. అంత గట్టిగా అనుకోలేకపోయాడు. కొడుకు మీది కోపం అట్లాగే ఉంది, దాన్ని విసరడానికి మాత్రం చేయి లేవలేదు.

తెల్లారి ఆగమ్మ చాయ్ ఇస్తూ మెల్లగా అంది. "ఆ పిడి ఇప్పుడే చేసియ్యకు."

"ఎందుకు?"

"పిడి లేకుంటే అది యాడికీ పోదు. నాలుగు నెలలైతే కోపం సల్లారుతది. ఇంట్లనే ఉంటది."

పెద్దరాములు ఆమెను తిట్టలేదు. తిట్టాల్సిందే గానీ, ఆ మాట అతని మనసులో అంతకుముందే ఉంది. నూనె పట్టిన పిడిని అటకమీద పెట్టాడు. సునంద అడిగితే, "లక్క పూద్దామని చూస్తున్న బిడ్డా, మంచి లక్క దొరుకుతలేదు" అన్నాడు. లక్క పొయ్యిసెగకు మెత్తబడి చేతికంటుకుంటుందని అతనికి తెలియంది కాదు. ఇంకోసారి, "తేనెమైనం ఎవలన్న తెస్తరేమో అడిగిన" అన్నాడు. ఆమె "సరే మామా" అంది. ఆ తర్వాత అడగడం మానేసింది. అడగకపోయేసరికి అతనికి ఊపిరి సులువైనట్టే ఉండేది, కానీ అటకవైపు చూడకుండా తప్పుకునేవాడు.

ఒకరోజు షెడ్డులో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. ఆగమ్మ పక్కింట్లో ఉంది. వెనక గది తలుపు ఓరగా ఉంది. లోపల సునంద నేలమీద కూచుని, పాతచీర పేలికను స్టీలు గంటె కాడకు చుడుతోంది. ఎడమచేత్తో చుట్టి, కొసను పళ్లతో పట్టి గుంజి, ముడి వేసింది. తర్వాత ఖాళీ బిందెను ముందు పెట్టుకుని, అందులో గంటె పెట్టి తిప్పింది. నాలుగు తిప్పులకు పేలిక జారి ఊడింది. మళ్లీ చుట్టింది. మళ్లీ పళ్లతో గుంజింది. ఈసారి పంటిచిగురునుంచి నెత్తురు వచ్చి పేలికకు అంటింది. ఆమె దాన్ని చూసి, కొంగుతో తుడిచి, మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

పెద్దరాములు చప్పుడు చేయకుండా ముందుగదిలోకి వచ్చి అటకమీది పిడి దించాడు.

నూనె వాసన పోవాలని పైపొర మొత్తం చెక్కేశాడు. అక్కడక్కడ నూనె లోతుగా ఇంకింది. అంతకన్నా కొత్త పిడే నయమని, దాచిన తుమ్మమొద్దులోంచి ఇంకొకటి చీల్చాడు. ఎండిన పిండిముద్ద ఇంకా ఉంది, దాని పగుళ్లను చూసుకుంటూ అదే ఆకారం చెక్కాడు. ఈసారి పూత సంగతి తర్వాత, ముందు పోగు సంగతి అనుకున్నాడు. నున్నగా గీకిన కట్టెను వేడినీళ్లతో తడిపితే లోపల పడుకున్న పోగంతా పైకి లేస్తుంది. ఆరనిచ్చి, లేచిన పోగును సన్నకాగితంతో గీకాలి. మళ్లీ తడపాలి. మళ్లీ లేస్తుంది, మొదటికన్నా తక్కువ. తడిపినా ఒక్క పోగు కూడా లేవనిదాకా అట్లా చేస్తూ పోయాడు. అరచేతిని నమ్మలేదు. ప్రతిసారీ పెదవికి రాసి చూశాడు, చెంపకు రాసి చూశాడు.

సునంద వచ్చి ఎదురుగా కూచుంది. "దీనికేం పూస్తవు మామా?"

"నువ్వే చెప్పు. వార్నిష్ జారె. నూనె నీకు పడకపాయె."

"ఏం పూయకుంటే?"

"పసుపు గుంజుతది. నల్లగయితది. సూడనీకి మంచిగుండది."

"నల్లగైతే కానియి" అంది సునంద. "నా చేతిని మించి ఉంటదా?"

అతను పిడిని తిప్పి, తోక దిగే కొసను వేలితో తడిమాడు. "పట్టుకునేకాడ ఏం పూయను. గంటె తోక దిగేకాడ మాత్రం నీళ్లు పోకుండ మైనం పెడుత. లేకుంటే లోపల మురిగి ఊడొస్తది" అన్నాడు. ఆమె తల ఊపింది.

కొత్త కుండకు చేసినట్టు పిడిని వేడి గంజిలో నానబెట్టి, నీడన ఆరబెట్టాడు. నున్నటి గుండ్రాయి తీసుకుని కట్టె నడకవెంట, గీతలు పోయినదిక్కే రుద్దాడు. రుద్దగా రుద్దగా ఏ పూతా లేకుండానే దానికి ఒక మెరుపులేని నునుపు వచ్చింది. ఈసారి హాస్టల్ గిన్నెలకు అందే పొడుగు గంటె తోక దిగ్గొట్టి, చీల వేసి, ఆ సందులో తేనెమైనం కరిగించి పోశాడు. సునంద చెయ్యి తడుపుకుని గంటె పట్టింది. బిందెలో నీళ్లు పోసి తిప్పింది. సబ్బు రాసుకుని మళ్లీ పట్టింది. జారలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పెద్దరాములు ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.

"కట్టె వాసనే" అంది. తర్వాత, "పట్టు దొరికింది మామా."

* * *

రుద్రారానికి అతనే తోలుకపోయాడు. షేర్ ఆటోలో ఆమె ఒళ్లో బట్టలసంచి, సంచిలో గంటె. బాలరాజ్ ఆ పొద్దున మామూలుకన్నా ముందే డ్యూటీకి పోయాడు. ఆగమ్మ ఏడ్చింది గానీ, ఉండమని అనలేదు.

హాస్టల్ నడిపేది వీరలక్ష్మి అనే కోస్తావైపు ఆవిడ. సునంద చెయ్యి చూపించమని అడిగి, చూసి, పెదవులు బిగించింది. "సుమిత్ర చెప్పింది గానీ ఇంతని చెప్పలేదే" అంది. "సరే, ఆ సాంబారు కలుపు చూద్దాం."

పొయ్యిమీద సునంద నడుము దాకా వచ్చే గిన్నె ఉంది. ఆమె సంచిలోంచి గంటె తీసి, చెయ్యి తడుపుకుని, అడుగంటకుండా చుట్టూ తిప్పింది. భుజంతో తిప్పింది, వీపుతో తిప్పింది. చెమట ధారలు కట్టింది. వీరలక్ష్మి చాలాసేపు చూసి, "చాల్లే అమ్మా, చాలు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "లోపలే ఉండు. పిల్లలు తినేచోటికి రాకు. వడ్డించడానికి వేరేవాళ్లున్నారు. నా మాట తప్పుగా అనుకోకు. ఆ చెయ్యి చూస్తే అన్నం మానేస్తారు, వాళ్లమ్మానాన్నలు నాకు ఫోన్లు చేస్తారు" అంది.

సునంద "అట్లనే" అంది. మామ వైపు చూడలేదు. గిన్నె వైపు తిరిగి మళ్లీ కలపసాగింది. పెద్దరాములు కాసేపు గుమ్మంలో నిలబడి, ఎవరూ తనను పట్టించుకోవడం లేదని గమనించి, బయటికొచ్చాడు.

ఆ సాయంత్రం బాలరాజ్ కంచం ముందు కూచుని అడిగాడు. "ఎప్పుడొస్తనన్నది?"

"నేనడగలే" అన్నాడు పెద్దరాములు.

నెల తిరగకముందే కంపెనీలో ఆ మిషిన్ మీదికి మనిషి కావాల్సి వచ్చింది. సునంద చెయ్యి పోయినంక దానిమీద ఆడమనిషి ఎవరూ కూచోలేదు. మగవాళ్లు ఒకరిద్దరు కూచుని మానేశారు. సూపర్‌వైజర్ బాలరాజ్‌ను పిలిచాడు. మిషిన్ మంచిగుందని నువ్వే చెప్పినవు గదా, నువ్వు కూసో అన్నాడు. కాదనడానికి బాలరాజ్‌కు దారి లేదు. కాదంటే, అప్పుడు చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే.

ఆ సంగతి అతను ఇంట్లో అన్నం కలుపుకుంటూ చెప్పాడు. ఆగమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"బటన్ల చెక్కముక్క ఉన్నదా?" అన్నాడు పెద్దరాములు.

బాలరాజ్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలకుండానే మింగాడు. "ఉన్నది" అన్నాడు.

"పీకేయి."

"పీకితే మాల్ ఎల్లది. మాల్ ఎల్లకుంటే నన్ను గూడ ఆడికెల్లి పీకేస్తరు."

మర్నాడు పెద్దరాములు షెడ్డుకు పోకుండా రుద్రారం పోయాడు. హాస్టల్ వెనకతలుపు దగ్గర సునంద ఉల్లిగడ్డలు వలుస్తోంది. సన్నబడింది. అతన్ని చూసి పీట జరిపింది. అతను సంగతంతా చెప్పాడు. ఎందుకు చెబుతున్నాడో అతనికే తెలియదు. ఆమె సంతోషిస్తుందని భయపడ్డాడు, ఏడుస్తుందనీ భయపడ్డాడు.

ఆమె రెండూ చేయలేదు. ఉల్లిపొట్టు ఒళ్లోంచి దులుపుకుంది.

"మిషిన్ ఎప్పుడు మళ్ల దిగుతదో నాకు ఎర్కే" అంది. "దిమ్మె లేసి పైన ఆగినప్పుడు టక్కున ఒక సప్పుడు రావాలె. సప్పుడు వస్తే ఆగినట్టు. రాకుంటే ఆగనట్టు, మళ్ల దిగుతది. అది తెల్వకనే నేను చెయ్యి పెట్టిన. దవాఖానల పండుకోని అదే యాదిజేసుకున్న. సప్పుడు ఇనకుండ చెయ్యి పెట్టొద్దని చెప్పు."

"నువ్వు చెప్పినవని చెప్పాల్నా బిడ్డా?"

"నా పేరు వద్దు" అంది. లోపలినుంచి వీరలక్ష్మి పిలిచింది. సునంద లేచి పోయింది.

పెద్దరాములు ఆ మాట కొడుక్కు చెప్పాడు. ఎవరు చెప్పారో చెప్పలేదు. బాలరాజ్ అడగలేదు. అడగకుండానే అతని ముఖం నల్లబడింది. తింటున్న కంచం జరిపి, లేచి వెనకగదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

షెడ్డు యజమానిని బతిమాలుకుని పెద్దరాములు మధ్యాహ్నానికే వదిలే పొద్దుటిపూట పనికి మారాడు. బాలరాజ్ షిఫ్టు వదిలే వేళకు కంపెనీ గేటు ఎదురుగా, చాయ్ బండి పక్కన నిలబడతాడు. గేటు తెరుచుకుని జనం వస్తుంటే, ముఖాల వైపు చూడడు. నీలం అంగీల చేతుల కిందనుంచి వేలాడే చేతులనే వెతుకుతాడు.

ఒకరోజు బాలరాజ్ రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని వచ్చాడు.  కొడుకు దగ్గరికొచ్చాడు, తండ్రి కళ్లు ఎక్కడున్నాయో చూశాడు, రెండు చేతులూ బయటికి తీశాడు. వేళ్లన్నీ ఉన్నాయి. గోళ్లలో నల్లని నూనె.

"ఇగ రాకు నాయినా" అన్నాడు. "అందరు నవ్వుతున్నరు."

మర్నాడు కూడా పెద్దరాములు పోయాడు.